రబ్బరు స్టాంపు మహిమ

మన హేతువాద సంఘాల సభల్లో తాయెత్తు విప్పి లోపలి రాగిరేకు చూపించడం, నిమ్మకాయ కోసి నెత్తురు కార్పించడం, అరచేతిలో కర్పూరం వెలిగించడం ఎప్పటినుంచో ఉన్నవే. జనం నవ్వుతారు, చప్పట్లు కొడతారు, కొంతమంది ఇంటికి వెళ్ళాక ఆలోచిస్తారు కూడా. మంచి పనే. నేనూ ఆ బల్ల వెనక నిలబడి కర్పూరం వెలిగించిన వాణ్ణే. అయితే మనం ఎన్నడూ విప్పి చూడని తాయెత్తు ఒకటుంది. దాన్ని కట్టేది భూతవైద్యుడు కాదు, చదువుకున్న డాక్టర్ల బోర్డు. కట్టించుకునేది మనసు దెబ్బతిని ఇంటికి తిరిగొచ్చిన సైనికుడు. అందులో ఉండే మంత్రం ఒక్కటే వాక్యం: ఈ జబ్బు సైనిక సేవ వల్ల కలిగింది కాదు, సైనిక సేవ వల్ల పెరిగిందీ కాదు.

ఆఫీసు భాషలో దీన్ని ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి 'నానా' అంటారు. నానా కేసు, నానా ఫైలు. తెలుగువాడికి ఆ మాట వినగానే నానా అగచాట్లు గుర్తుకొస్తే తప్పేమీ లేదు, ఆ ముద్ర పడిన కుటుంబం పడేవి అవే.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బీకాం చదివి రక్షణ లెక్కల శాఖలో ఆడిటర్‌గా చేరాను, అకౌంట్స్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. డాక్టర్ని కాను. తుపాకీ పట్టినవాణ్ణీ కాను. నాకు తెలిసింది కాగితం. కాగితం మీద రాసిన మాటకు ఆధారం ఉందా లేదా అని చూడడమే నేను చేసిన ఉద్యోగం. రెండు వందల రూపాయల ప్రయాణఖర్చుకు రసీదు లేకపోతే అభ్యంతరం రాసి బిల్లు వెనక్కి పంపిస్తాం. అలాంటి వ్యవస్థలో ఒక మనిషి జీవితకాలపు పింఛనును కారణం రాయని ఒక్క వాక్యం మింగేస్తుంటే ఏ ఆడిటరూ అభ్యంతరం రాయడు. ఎందుకంటే అది వైద్యాభిప్రాయం. వైద్యాభిప్రాయం అనగానే అందరూ చేతులు కట్టుకుని నిలబడాలి. గర్భగుడి ముందు నిలబడినట్టు.

ముందు ఈ మంత్రం ఖరీదు లెక్క వేద్దాం. లెక్క చూడనివారికి దీని మహిమ అర్థం కాదు.

సైన్యంలో ఉండగా జబ్బుచేసి, ఇక పనికిరాడని బయటికి పంపించిన జవానుకు వైకల్య పింఛను రావాలంటే రెండు షరతులు. వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. ఆ జబ్బు సైనిక సేవ వల్ల కలిగిందనో, పెరిగిందనో బోర్డు ఒప్పుకోవాలి. అప్పుడు నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం, తక్కువైతే ఆ దామాషాలో. 50 లోపు ఉన్నదాన్ని 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆపైన 100గా సర్దుతారు. జీతం రూ. 40,000, వైకల్యం 40 శాతం అనుకోండి. 40ని 50 చేస్తారు, 30 శాతంలో సగం 15 శాతం, అంటే నెలకు రూ. 6,000, దానిమీద కరువు భత్యం. ఇది వైకల్యపు భాగం మాత్రమే. దీనికి తోడు సర్వీసు భాగం జీతంలో సగం, అంటే రూ. 20,000. అదే నానా ముద్ర పడి, పదేళ్ళ సర్వీసు నిండకపోతే? చాలాకాలం అసలు పింఛనే ఉండేది కాదు. గ్రాట్యుటీ చేతిలో పెట్టి రైలెక్కించేవారు. 2020 జులైలో ఈ పదేళ్ళ నియమాన్ని సడలించారు. అదీ 2019 జనవరి 4న గాని ఆ తర్వాత గాని సర్వీసులో ఉన్నవాళ్ళకు, అదీ బయట ఏ ఉద్యోగానికీ పనికిరారని తేలితేనే. అంతకు ముందు పంపేసినవాళ్ళు అంతకు ముందువాళ్ళే.

పోయేది డబ్బు ఒక్కటే కాదు. మాజీ సైనికులకూ వాళ్ళ కుటుంబాలకూ వైద్యం చూసే ఈసీహెచ్‌ఎస్ పథకం 2003 ఏప్రిల్ 1న మొదలైంది. అందులో చేరాలంటే పింఛనుదారు అయి ఉండాలి. ఇప్పుడు గొలుసు చూడండి. ముద్ర పడింది కాబట్టి పింఛను లేదు. పింఛను లేదు కాబట్టి కార్డు లేదు. కార్డు లేదు కాబట్టి మందు లేదు. నెలనెలా సైకియాట్రిస్టు ఫీజు, మందుల ఖర్చు పెట్టుకోలేని ఇంటికి మిగిలేది ఎవరు? వాయిదాల మీద, కోడిపుంజు మీద పనిచేసే భూతవైద్యుడు. మనం ఊరికి వెళ్ళి బల్ల వేసుకుని ఎగతాళి చేసేది ఈ చివరి మనిషిని. అతని దగ్గరకు ఆ కుటుంబాన్ని తోసుకొచ్చిన రబ్బరు స్టాంపు మాత్రం ఆఫీసు సొరుగులో క్షేమంగా ఉంటుంది.

ఇక్కడినుంచి కథ మనకు తెలిసిన దారిలోకే వస్తుంది. అతనికి నిద్రపట్టదు. పట్టినా అరుస్తూ లేస్తాడు. దీపావళికి వీధిలో టపాసు పేలితే నేలమీద పడుకుంటాడు. పిల్లలు దగ్గరికి వస్తే కసురుతాడు, లేదా రోజుల తరబడి నోరు విప్పడు. సీసా పక్కనే ఉంటుంది. ఊళ్ళో వివరణలకేం కొదవ? బార్డర్లో చచ్చినవాడి దయ్యం వెంట వచ్చిందంటారు. గాలి సోకిందంటారు. అన్నదమ్ముల మధ్య పొలం తగాదా ఉంటే చేతబడి, లేకపోతే ఏలినాటి శని. అన్నిటికంటే నీచమైనది మరొకటుంది: ఆ పిల్ల కాలు పెట్టిన వేళ. మొగుడి జబ్బుకు పెళ్ళామే కారణమైపోతుంది. దెబ్బలు తినేదీ ఆమే, నింద మోసేదీ ఆమే, దర్గా చుట్టూ, గుడి చుట్టూ, స్వస్థత కూటాల చుట్టూ తిప్పేదీ ఆమే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గర నడిచే ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుంటే 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. గొలుసులతో కట్టేసి ఉన్నారు కాబట్టి పారిపోలేకపోయారు. కట్టేసినవాళ్ళు దుర్మార్గులని సరిపెట్టుకోకండి. అక్కడ దింపి వెళ్ళినవాళ్ళు సొంత మనుషులు. వాళ్ళకు ఇంకో చోటు తెలియదు. నిమ్‌హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక రుగ్మత ఉన్నవాళ్ళలో ఎనభై శాతానికి పైగా వైద్యం అందనివాళ్ళే.

నేను పనిచేసిన ఒక ఆఫీసుకు శ్రీకాకుళం వైపు నుంచి ఒకామె వచ్చేది. భర్త నాయక్‌గా ఉండగా పంపేశారు, ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో సర్వీసు. అర్జీల కట్ట ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని కౌంటరు దగ్గర నిలబడేది. ఒకరోజు కూర్చోమ్మా అని విషయం అడిగితే ఆమె అన్న మాట ఇది: "బాబూ, ఆయనకి దెయ్యం పట్టిందని మా అత్త అంతాది. నీకెలాగ తెల్సు అంటే మంత్రగాడు సెప్పినాడంతాది. మిలట్రీ వల్ల రాలేదని మీ కాయితం అంతాది. మీకెలాగ తెల్సు అంటే డాట్రు సెప్పినాడంతారు. మరి ఆ డాట్రుకెలాగ తెల్సిందో ఎక్కడ రాసుందో సూపించండి."

అప్పటికి నాకు హేతువాద సంఘంలో ఎన్నో ఏళ్ళ సభ్యత్వం. ఇంత శుభ్రమైన ప్రశ్న మా సభల్లో ఎవరూ అడగగా వినలేదు. ఆమె తెచ్చిన బోర్డు కాగితాల నకలు తీసి చూశాను. కారణాలు రాయవలసిన గడిలో ఒకే ఒక్క మాట ఉంది: కాన్‌స్టిట్యూషనల్. అంటే ఒంటి తత్వంలోనే ఉన్న జబ్బు అని. అతను కాశ్మీరులో రెండు పోస్టింగులు చేసిన సంగతి అదే కట్టలో ఇంకో పేజీలో ఉంది. ఆ రెండు పేజీలు ఒకదాన్నొకటి ఎప్పుడూ పలకరించుకోలేదు. ఆమె తర్వాత కోర్టు దారి పట్టిందని విన్నాను. ఆ ఫైలు మళ్ళీ నా కంటపడలేదు.

ఈ ఒంటి తత్వం అనే మాటకు ఉన్న శాస్త్రీయత ఎంత? స్కిజోఫ్రీనియా వంటి జబ్బుల్లో వారసత్వం పాత్ర పెద్దది, ఇందులో వాదం లేదు. కాని ఒకే జన్యువులు పంచుకుని పుట్టిన కవలల్లో ఒకరికి ఆ జబ్బు వస్తే రెండోవారికీ వచ్చేది మహా అయితే సగం కేసుల్లో. జన్యువులే అంతా అయితే ప్రతి కేసులోనూ రావాలి కదా! మిగతాది బతికిన బతుకులోంచి వస్తుంది. యుద్ధపు గాయం వల్ల వచ్చే మానసిక రుగ్మత విషయంలోనైతే చరిత్ర ఇంకా స్పష్టం. 1915లో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో 'షెల్ షాక్' అనే మాట వాడాడు. గుండు పేలుడు అదురుకు మెదడు కదిలిందేమోనని మొదట అనుకున్నారు. తీరా చూస్తే పేలుడుకు దగ్గరగా లేనివాళ్ళలోనూ అవే లక్షణాలు. వాళ్ళను పిరికివాళ్ళన్నారు. ఆ యుద్ధంలో పారిపోవడం, పిరికితనం వంటి నేరాల కింద బ్రిటిష్ సైన్యం తన సొంత సైనికులను మూడు వందల మందికి పైగా కాల్చి చంపింది. వాళ్ళలో ఎందరు జబ్బుమనుషులో తేల్చడానికి అప్పుడెవరూ ఆగలేదు. 306 మందికి క్షమాపణ దక్కింది 2006లో, తొంభై ఏళ్ళ తర్వాత. పీటీఎస్‌డీ అనే పేరుతో ఈ జబ్బు అమెరికన్ సైకియాట్రీ జాబితాకెక్కింది 1980లో, వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్ళు పోరాడాక. ప్రతిసారీ తప్పు సైనికుడి తత్వానిదే అనడం, సాక్ష్యాలు పోగుపడ్డాక వెనక్కి తగ్గడం. మనం ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నామా అంటే, విచిత్రమేమిటంటే, లేము. కనీసం పుస్తకంలో లేము.

సైనిక పింఛన్ల కోసం వైద్యాధికారులకు ప్రభుత్వమే ఒక మార్గదర్శిక ఇచ్చింది. 2002 నాటిది, 2008లో సవరించారు. అందులో 54వ పేరా మానసిక రుగ్మతల గురించి. ఆ పేరా చదివితే మన హేతువాదులు లేచి నిలబడి చప్పట్లు కొడతారు. మానసిక జబ్బు లోపలి కారణాలూ బయటి పరిస్థితులూ కలిసి వచ్చేదని, అందువల్ల జబ్బు పేరు చూసి కాక ఆ మనిషి పరిస్థితులు చూసి నిర్ణయించాలని చెబుతుంది. యుద్ధ ప్రాంతంలో, తిరుగుబాటుదారులతో పోరాడే ప్రాంతంలో, ఎత్తయిన కొండల మీద, మనిషి జాడ లేని పోస్టులో ఉండగా జబ్బు వస్తే అది సేవ వల్ల వచ్చినట్టే. భూకంపాల్లో, తుపానుల్లో కుళ్ళిన శవాలను ఎత్తవలసి వచ్చినా అంతే. ఇంకా ఉంది. సెలవు అడిగితే పని ఒత్తిడి వల్ల ఇవ్వకపోతే, ఆ మూడు నెలల్లో జబ్బు బయటపడితే, సేవ వల్ల పెరిగినట్టు ఒప్పుకోవచ్చు. ఎలాంటి సెలవు? ఒక్కడే కొడుకైనవాడికి తల్లో తండ్రో చనిపోతే అడిగిన సెలవు. భార్యో బిడ్డో పోతే అడిగినది. ఒక్కడే అన్నదమ్ముడైనవాడు చెల్లెలి పెళ్ళికి అడిగినది, అందులోనూ ముఖ్యంగా తండ్రి లేని ఇల్లయితే. ఈ వాక్యం రాసిన మనిషి ఎవరో తెలియదు గాని మన ఇళ్ళు తెలిసినవాడే.

మరి ఇంత మంచి పుస్తకం బల్లమీద ఉండగా గడిలో ఒక్క మాట ఎలా పడుతుంది? పుస్తకం ప్రకారం నడవాలంటే పోస్టింగుల పట్టిక తెప్పించాలి, సెలవు రికార్డు చూడాలి, కమాండింగ్ అధికారి రిపోర్టు చదవాలి, భార్యతో మాట్లాడాలి. స్టాంపుకు అవేవీ అక్కర్లేదు. మంత్రానికీ సాక్ష్యానికీ తేడా నేను చెప్పాలా మీకు?

కోర్టులు ఈ మాట చాలాసార్లు అన్నాయి. ఒకప్పుడు బోర్డు ఒప్పుకున్నా, రోగి మొహం కూడా చూడని వైద్య సలహాదారు పింఛను మంజూరు చేసే ఆఫీసులో కూర్చుని ఆ అభిప్రాయాన్ని తిరగరాసేవాడు. అది చెల్లదని 1993లో సుప్రీం కోర్టు తేల్చింది. 1972లో చేరి 1977లో స్కిజోఫ్రీనియా పేరుతో బయటికి పంపబడిన ఒక జవాను కేసులో 2013లో అదే కోర్టు బోర్డు తీరును తప్పుబట్టి మళ్ళీ పరీక్షించమంది. ముప్పై ఆరేళ్ళు! 2025 మేలో మరో కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది: స్కిజోఫ్రీనియా అని రాసి పంపేస్తే చాలదు, సేవతో సంబంధం లేదనడానికి బోర్డు కారణాలు రాయాలి, రాయకపోతే ఆ నిర్ణయం నిలబడదు. అయితే ఎదుటి పక్షం వాదన కూడా చెప్పాలి. 2019లో సుప్రీం కోర్టే ఇంకొక స్కిజోఫ్రీనియా కేసులో జవానుకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. చేరేటప్పుడు చేసే పరీక్షలో మానసిక జబ్బు బయటపడకపోవచ్చు, అతని పోస్టింగులన్నీ శాంతి ప్రాంతాల్లోనే ఉన్నాయి, కాబట్టి దానంతటదే సేవకు ముడిపెట్టలేం అంది. నాకు ఆ తీర్పుతో పెద్ద పేచీ లేదు. పోస్టింగులు చూసి చెప్పారు. నా పేచీ చూడకుండా చెప్పడంతో.

"పింఛను కోసం నటించేవాళ్ళు లేరా" అని నా పాత సహోద్యోగులే అడుగుతారు. ఉంటారు. వైకల్య పింఛన్ల మీద కాగ్ ఇచ్చిన నివేదిక 2023లో వచ్చింది. అందులో రిటైరయ్యే జవాన్లలో కంటే అధికారుల్లోనే వైకల్య పింఛను తీసుకునేవాళ్ళ వాటా రెండింతలకు పైగా కనిపించింది. ఎక్కువగా బీపీ, షుగరు. అంటే నియమాలు చదువుకున్నవాడికి తలుపు తెరుచుకుంటోంది, గొంతులు వినబడే జబ్బున్నవాడికి మూసుకుంటోంది. మోసాన్ని అరికట్టే మార్గం కూడా కారణాలు రాయించడమే. కారణం రాయని 'అవును' ఎంత అనుమానాస్పదమో, కారణం రాయని 'కాదు' అంతే.

సరే, ముద్ర మారింది, పింఛను వచ్చింది, కార్డు వచ్చింది అనుకుందాం. అంతటితో మనిషి బాగవుతాడా? దేశంలో ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. మామూలుగా అక్కడ దొరికేది బీపీ, షుగరు చూసే డాక్టరు, పళ్ళ డాక్టరు. మనసు డాక్టరు కావాలంటే రిఫరల్ రాయించుకుని పెద్ద ఊరికి వెళ్ళాలి. రాత్రంతా నిద్రలేని మనిషిని లేపి, ఒప్పించి, బస్సెక్కించి తీసుకెళ్ళవలసింది మళ్ళీ ఆ భార్యే. ఆమె మనసు ఎలా ఉందో అడిగే గడి ఏ ఫారంలోనూ నేను చూడలేదు.

వైద్యం లేక కాదు. భయపెట్టిన జ్ఞాపకాన్ని సురక్షితమైన చోట, శిక్షణ పొందినవారి తోడుతో, మెల్లమెల్లగా ఎదుర్కొనేలా చేసే చికిత్సలకు గట్టి ఆధారాలున్నాయి. సెర్ట్రలిన్ వంటి మందులు చాలామందికి పనిచేస్తాయి. స్కిజోఫ్రీనియాకు క్రమం తప్పని మందు, కుటుంబానికి ఆ జబ్బు గురించి నేర్పడం, ఈ రెండూ కలిస్తే తిరగబెట్టడం తగ్గుతుంది. వీటి బదులు మన దగ్గర ఎక్కువగా జరిగేవి ధ్యాన శిబిరాలు. తెల్లబట్టలాయన వస్తాడు, మూడు రోజులు కళ్ళు మూసుకోమంటాడు, ఫొటోలు పేపర్లో పడతాయి. యోగా ఒంటికి మంచి వ్యాయామమే, నేనూ నడుం నొప్పికి చేస్తాను. కాని కళ్ళు మూసుకోగానే అదే దృశ్యం కనిపించే మనిషికి దాన్నే మందంటే ఎలా? ఇక్కడ మనవాళ్ళకూ ఒక మాట. ఘోరం జరిగిన వెంటనే అందర్నీ కూర్చోబెట్టి ఒకసారి అంతా చెప్పించేస్తే జబ్బు రాదని పాశ్చాత్య మనస్తత్వవేత్తలే చాలాకాలం నమ్మారు. పరీక్షించి చూస్తే ఆ ఒక్కసారి కూర్చోబెట్టడం వల్ల ఉపయోగం కనబడలేదు, దాన్ని రొటీనుగా చేయవద్దంటున్నారు. దేవుడి పేరు లేనంత మాత్రాన ఏదీ శాస్త్రం అయిపోదు.

లెక్కలవాణ్ణి కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. పద్దు లేని ఖర్చు ఖర్చు కాదంటాం మేము. 2022 జులైలో ప్రభుత్వం రాజ్యసభలో చెప్పిన లెక్క ప్రకారం అంతకు ముందు ఐదేళ్ళలో త్రివిధ దళాల్లో 819 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఆర్మీలో 642, వైమానిక దళంలో 148, నౌకాదళంలో 29. వీళ్ళు ఉద్యోగంలో ఉన్నవాళ్ళు. ఇంటికి వచ్చాక పోయినవాళ్ళెందరు? జాతీయ నేర గణాంకాల పట్టికలో విద్యార్థులకు గడి ఉంది, నిరుద్యోగులకు ఉంది, రిటైరైనవాళ్ళకు ఉంది. మాజీ సైనికుడికి విడిగా గడి లేదు. ముప్పై ఐదేళ్ళకే సైన్యం నుంచి వచ్చి సెక్యూరిటీ గార్డుగా చేస్తున్నవాడు ప్రైవేటు ఉద్యోగుల గడిలో పడిపోతాడు. సైన్యంలో సగం మందికి పైగా తీవ్ర ఒత్తిడిలో ఉన్నారని ఢిల్లీలోని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ అధ్యయనం ఒకటి చెప్పగా, 2021 జనవరిలో పత్రికల్లో దుమారం రేగింది. శాంపిల్ చిన్నదని సైన్యం కొట్టిపారేసింది. శాంపిల్ చిన్నదే, ఒప్పుకుంటాను. చిన్న శాంపిల్‌కు జవాబు పెద్ద శాంపిల్. ఖండన ప్రకటన కాదు.

కుటుంబం వైపు లెక్క కూడా చూడండి. ఉద్యోగంలో ఉండగా సైనికుడు చనిపోతే, ఆ మరణం సేవ వల్లనే అని ఒప్పుకుంటే భార్యకు ప్రత్యేక కుటుంబ పింఛను, జీతంలో 60 శాతం. ఒప్పుకోకపోతే మామూలు కుటుంబ పింఛను, మొదటి పదేళ్ళు 50 శాతం, ఆ తర్వాత 30. రూ. 40,000 జీతం మీద 24,000కూ 12,000కూ ఉన్న తేడా అది. ఆత్మహత్య అయితే ఆ తేడా అంతా మళ్ళీ అదే ప్రశ్న మీద, అదే గడి మీద ఆధారపడుతుంది. మన సమాజానికి చనిపోయిన వీరుణ్ణి గౌరవించడం తెలుసు. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్ బాబు కోసం సూర్యాపేట కన్నీరు పెట్టింది, ప్రభుత్వం ఆ కుటుంబానికి అండగా నిలబడింది. అలాగే ఉండాలి. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం వంటి ఊరు మనకుంది, ఇంటింటి నుంచీ సైన్యానికి పంపిన ఊరని గర్వంగా చెప్పుకుంటాం. ప్రాణంతో తిరిగొచ్చి, మాట్లాడకుండా అరుగుమీద కూర్చున్నవాడి విషయంలో మాత్రం మనకు గర్వమూ లేదు, ఓపికా లేదు.

ఇక అగ్నివీరులు. మొదటి బృందం 2022 చివర, 2023 మొదట శిక్షణకు వెళ్ళింది. నాలుగేళ్ళు సేవ, ఆ తర్వాత నూటికి పాతిక మంది వరకే సైన్యంలో కొనసాగేది. మిగతావాళ్ళకు పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. సేవ వల్ల వైకల్యం వస్తే 100, 75, 50 శాతాలకు రూ. 44 లక్షలు, 25 లక్షలు, 15 లక్షలు ఒకేసారి ఇస్తారు. సేవ వల్ల అని ఎవరు తేల్చాలి? మళ్ళీ బోర్డే. ఈ జబ్బులు చాలామందిలో నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత బయటపడతాయి. ఇరవై మూడేళ్ళ కుర్రాడు ఇంటికొచ్చి రెండేళ్ళకు అరుస్తూ నిద్రలేస్తే అతను ఏ తలుపు తట్టాలి?

ఇందులో మనకేం పని, మనది మూఢనమ్మకాల నిర్మూలన కదా అనే మిత్రులున్నారు. వారికి నా ప్రశ్న: ఆధారం అడగకుండా నమ్మడాన్నే కదా మనం మూఢనమ్మకం అంటున్నాం? చెప్పినవాడి మెడలో రుద్రాక్షలుంటే ఆధారం అడుగుతాం, స్టెతస్కోపు ఉంటే అడగమా? సైన్యాన్ని ప్రశ్నిస్తే దేశద్రోహం అంటారేమోననే భయం కొందరిలో ఉంది. జవాను భార్య తరఫున ఒక గడి నింపమని అడగడం ఏ దేశానికి ద్రోహమో నాకు అర్థం కాదు.

కాబట్టి ఈసారి ఊళ్ళో బల్ల వేసినప్పుడు, కార్యక్రమం అయ్యాక ఎవరైనా ఆడమనిషి పక్కకు వచ్చి "మా ఆయనకి" అని మొదలుపెడితే తాయెత్తు గురించి ఉపన్యాసం ఇవ్వకండి. 14416 నంబరు చెప్పండి. టెలీమానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. సైనిక దళాలవారి కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాడిని నేరస్థుడిలా కాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమని 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య చట్టం చెబుతోందని, పోలీసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళడం మానవద్దని చెప్పండి.

తర్వాత మెడికల్ బోర్డు కాగితాలు ఉన్నాయా అని అడగండి. లేకపోతే అతని రికార్డు ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి: బోర్డు ప్రొసీడింగ్స్ మొత్తం, పోస్టింగుల పట్టిక, సెలవు రికార్డు. మూడూ వచ్చాక పక్కపక్కన పెట్టి చూడండి. జబ్బు మొదట కనబడిన తేదీకి ముందు అతను ఎక్కడ ఉన్నాడు, ఏ సెలవు అడిగాడు, ఎందుకు ఇవ్వలేదు. 2023 సెప్టెంబరు 21 తర్వాత బయటికి వచ్చినవాడైతే కొత్త నియమాలు వర్తిస్తాయి, అంతకు ముందైతే పాత నియమాలూ పాత మార్గదర్శికే. అప్పీలు చేయడానికి దశలున్నాయి, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై బెంచి కిందికి వస్తాయి. కారణాల గడిలో ఒక్క మాటే ఉంటే ఆ పేజీకి రెండు నకళ్ళు తీయించండి. ఒకటి లాయరుకు. రెండోది మన సంఘం ఫైల్లో పెట్టుకుందాం.